మాట ఎక్కడ ఆగింది?
(టూ-వే రేడియో ట్రాన్స్‌మిటర్‌లో లోపం కనిపెట్టడం)



మన హాస్టల్లో రాత్రి లైటు ఆరిపోతే వెంటనే బల్బు విప్పేవాళ్లం కాదు. పక్క గదిలో వెలుగుతోందా అని చూసేవాళ్లం. అక్కడా లేకపోతే ఫ్యూజు, వీధిలోనూ లేకపోతే కరెంటే పోయిందని తెలిసేది. ఈ చిన్న తెలివిని మరిచి నేను చేసిన పొరపాటు మీకు పాఠంగా పనికొస్తుందని రాస్తున్నాను.

ఎమ్మెస్సీ సెలవుల్లో ఒక రిపేరు షాపులో పనికి కుదిరాను. చేపల పడవ నుంచి 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు వచ్చింది. అవతలి మాట వినబడుతోంది, మన మాట వెళ్లడం లేదు. ఏమీ కొలవకుండా ఫైనల్ ట్రాన్సిస్టర్ మార్చాను. షాపులో పనిచేసింది. పడవలో రెండు రోజులకే కాలిపోయింది. అసలు లోపం యాంటెన్నా కేబుల్ కనెక్టర్‌లో ఉంది. ఉప్పుగాలికి చిలుము పట్టింది. పవర్ యాంటెన్నాకు చేరక వెనక్కి తిరిగొచ్చి ట్రాన్సిస్టర్‌ను కాల్చింది. దాని ఖరీదు నా జీతంలో కోశారు. అదేమీ బాధ కాదు. పడవల మీద కూలికి వెళ్లే మా నాన్న అన్న మాటే గుచ్చుకుంది: "నువ్వు బాగుందంటేనే కదరా మేం పడవెక్కేది!"

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. ఆ రోజు మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

పాత క్రిస్టల్ సెట్టు తీసుకోండి. అందులో వరుసగా ఎనిమిది దశలు: ఆసిలేటర్, మాడ్యులేటర్, ట్రిప్లర్, డబ్లర్, రెండో డబ్లర్, డ్రైవర్, ఫైనల్, ఫిల్టర్. క్రిస్టల్ 12.5 మెగాహెర్ట్జ్ అయితే అది మూడింతలై 37.5, రెండింతలై 75, మళ్లీ రెండింతలై 150 అవుతుంది. కొత్త సెట్లలో ఈ పెంచే పని పీఎల్‌ఎల్ చూసుకుంటుంది. వెతికే పద్ధతి మాత్రం ఒకటే.

1. బటన్ నొక్కి సప్లై కొలవండి. 13.8 వోల్టులు బాగా పడిపోతే వైరు, ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.

2. యాంటెన్నా తీసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్, వాట్‌మీటర్ పెట్టండి. పూర్తి పవర్ వస్తే సెట్టు మంచిదే, లోపం బయట ఉంది. నేను వదిలేసిన మెట్టు ఇదే.

3. పవర్ లేకపోతే కరెంటు చూడండి. బటన్ నొక్కినా పెరగకపోతే ఫైనల్‌కు సిగ్నల్ గానీ సప్లై గానీ అందడం లేదేమో చూడండి. బాగా పెరిగీ పవర్ రాకపోతే ఫైనల్‌నో ఫిల్టర్‌నో అనుమానించండి.

4. సిగ్నల్ అందకపోతే ఆర్‌ఎఫ్ ప్రోబ్‌తో మధ్యలో, అంటే నాలుగో దశ తర్వాత చూడండి. అక్కడ ఉంటే లోపం ఆ తర్వాతి దశల్లో, లేకపోతే అంతకు మునుపటి దశల్లో. అలా సగం సగం చేస్తూ పోతే ఎనిమిది దశలకు మూడే కొలతలు!

5. పవర్ ఉండీ మాట లేకపోతే మైకు, దాని తీగ, మైక్ ఆంప్లిఫయర్ చూడండి. చాలాసార్లు తీగే తెగి ఉంటుంది.

జాగ్రత్త! లోడ్ లేకుండా బటన్ నొక్కకండి. లైసెన్సు లేకుండా గాలిలోకి ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. సముద్రంలో ఆపద వేళ పిలిచే 16వ చానెల్‌ను (156.8 మెగాహెర్ట్జ్) పరీక్షలకు వాడకండి.

తమ్ముళ్లారా, పాఠం అర్థం కాకపోయినా ఇదే చేయండి. "నాకేమీ రాదు" అనుకోకుండా, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోండి. అక్కడి నుంచి అడగండి.

— ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఎలక్ట్రానిక్స్)