కేసు కొట్టేశాక మిగిలే నెల

కేసు కొట్టేశారని తెలిసిన రోజు ఇంట్లోవాళ్ల ముఖం చూడటమే కష్టం. వైకల్యం వచ్చాక తాను చేయగల పని ఇవ్వమని అడిగి, కాదంటే కోర్టుకెక్కిన ఉద్యోగికైతే ఆ బాధ రెట్టింపు. అసలు అడగటమే తప్పేమో అనిపిస్తుంది. వకీలుకు ఫోన్ చేయబుద్ధి కాదు, ఆర్డరు కాపీ తెచ్చుకోబుద్ధి కాదు. చూస్తుండగానే నెల తిరిగిపోతుంది.

నన్ను కలవరపెట్టేది ఆ నెలే. వాయిదాకు రాలేదని కొట్టేసిన సివిల్ దావాను తిరిగి తెరిపించుకోవడానికి గడువు 30 రోజులే మరి. ఆసుపత్రిలో ఉన్నాననో, కదల్లేకపోయాననో కాగితం చూపితే కోర్టు వింటుంది. గడువు దాటినా లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమనొచ్చు. కానీ సిగ్గేసి రాలేదన్నది అక్కడ నిలబడే కారణం కాదు.

అందుకే ముందు ఆర్డరు చదవాలి. రాలేదని కొట్టేశారా, విని కొట్టేశారా? విని కొట్టేస్తే దారి అప్పీలు. కొన్ని సందర్భాల్లో రివ్యూ.

2016లో వర్ణాంధత్వం ఉందంటూ ఒక ఆర్టీసీ డ్రైవరును ఉద్యోగం నుంచి పంపేశారు. వేరే పని ఇవ్వమన్నా ఇవ్వలేదు. హైకోర్టులో సింగిల్ జడ్జి ముందు గెలిచాడు, డివిజన్ బెంచ్ ముందు ఓడాడు. అక్కడితో ఆగలేదు. కార్మికులతో ఆర్టీసీ 1979లో చేసుకున్న ఒప్పందం అతనికి అండ. అలాంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని అందులో ఉంది. తర్వాతి సర్క్యులర్లు దాన్ని కొట్టివేయలేవని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. తగిన పోస్టు, 25 శాతం జీతం బకాయిలు ఇమ్మంది. మొండితనం ఒక్కటే అతన్ని గెలిపించిందని నేననుకోను. ఆ మొండితనానికి చేతిలో కాగితం తోడైంది.

అతనికి వేరే పోస్టు వెతికే ప్రయత్నమే సంస్థ చేయలేదని కూడా కోర్టు గమనించింది. ఇది మీకు పనికొచ్చే మాట. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే, ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసేయకూడదని, అదే జీతంతో మరో పోస్టులోకి మార్చాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 చెబుతోంది. అడగడం బతిమాలడం కాదు. మీ ఆఫీసులో మీరు చేయగల పోస్టులేవో పేర్లతో రాయండి. ఆర్డరు కాపీకి ఈ వారమే దరఖాస్తు పెట్టి, రెండూ కలిపి వకీలు చేతికివ్వండి.