విద్యార్థికి మనోబలము – సత్త్వావజయ మార్గము

పరీక్షల కాలము సమీపించగానే తల్లిదండ్రులు వైద్యుని అడుగునది ఒక్కటే: "అయ్యా, పిల్లవాడికి జ్ఞాపకశక్తికి ఏదైనా లేహ్యం ఇవ్వండి." కొన్ని సంవత్సరముల క్రిందట ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న ఒక బాలుని అట్లే తీసికొని వచ్చిరి. వానికి నిద్ర లేదు, ఆకలి లేదు. పుస్తకము తెరవగానే కడుపులో వికారము. జ్ఞాపకశక్తికి మాత్రము లోటు లేదు. ఏ పరీక్షలో ఎన్ని మార్కులు తగ్గినవో అన్నియు అప్పజెప్పెను. వానిని బాధించుచున్నది మరపు కాదు, "నా వల్ల కాదు" అను తలపు.

శరీరమునకు వాత పిత్త కఫములవలె మనస్సునకు రజస్సు, తమస్సు దోషములు. చరక సంహిత సూత్రస్థానమున చెప్పిన మూడు విధముల చికిత్సలలో సత్త్వావజయము ఒకటి. అహితమైన విషయములనుండి మనస్సును మరల్చుటయే అది. మరల్చుట అనగా అణచుట కాదు. "ఆలోచించకు" అన్నకొలది ఆలోచన పెరుగును.

శారీరస్థానమున మనస్సునకు అయిదు విషయములు చెప్పబడినవి. వానిని మెట్లుగా చేసి నేను విద్యార్థులకు నేర్పుచుందును.

1. చింత్యము: బాధించు తలపును ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాయవలెను. ఆ బాలుడు "నాకు లెక్కలు రావు" అని వ్రాసెను.

2. విచార్యము: అది ఎంతవరకు నిజమో పరీక్షింపవలెను. పుస్తకము తెరిపించి గుర్తులు పెట్టించగా, వానికి రానివి మూడు అధ్యాయములే.

3. ఊహ్యము: తప్పినచో ఏమగును? సప్లిమెంటరీ పరీక్ష కలదు. బ్రతుకు అక్కడ ఆగదు.

4. ధ్యేయము: ఈ పూటకు ఒక్క అధ్యాయముపైననే దృష్టి.

5. సంకల్ప్యము: ఎన్ని గంటలకు, ఎచ్చట కూర్చుండి చదువవలెనో నిశ్చయించి, లేచి ఆరంభింపవలెను.

ఇంటివారి పథ్యము

సత్త్వబలమున ప్రవరులు, మధ్యములు, అవరులు అని మూడు తెగలు. మధ్యములు ఇతరుల ఊతముతో నిలుతురు. మన పిల్లలలో అధికులు వీరే. కావున ఇంటివారి మాటయే వారికి ఔషధము. "పక్కింటి అబ్బాయిని చూడు" అనుట అపథ్యము. రోగిని చూచుటకు ముందు ఇంటివారి మాటతీరు వినుమని మా గురువుగారు చెప్పెడివారు. ఆ బాలుని తండ్రికి నలువది దినములు భోజనవేళ మార్కుల ప్రసక్తి నిషేధించితిని. ఆ పథ్యము ఆయనకు కష్టమే అయినది, కాని పాటించెను.

ఆ యేడు బాలుడు లెక్కలలో తప్పెను. ఫలితములు వచ్చిన సాయంకాలము తానే వచ్చి, "తప్పాను తాతగారూ, రేపటి నుంచి మళ్లీ మొదలుపెడతాను" అనెను. సప్లిమెంటరీలో గట్టెక్కెను. మనోబలమనగా ఇదియే.

ఆహార విహారములు

రాత్రి జాగరణ కూడదు. సెల్ ఫోన్ పడకకు దూరముగా ఉంచవలెను. ఉదయపు ఆహారము మానరాదు. సాయంకాలము అరగంట నడక, వారమునకొకసారి నువ్వుల నూనెతో తలంటు మేలు. సరస్వతి ఆకు, అతిమధురము, తిప్పతీగ, శంఖపుష్పి మేధ్య రసాయనములని చరకము చెప్పినను, వైద్యుని అడుగక వాడరాదు. అవి మనోనిగ్రహమునకు తోడే గాని బదులు కావు.

హెచ్చరిక

రెండు వారములు దాటినను దిగులు వీడకున్నచో మానసిక వైద్యునికి చూపవలెను. "నేను లేకపోతేనే మేలు" అను మాట వినబడినచో కషాయములతో కాలయాపన చేయక, బిడ్డను ఒంటరిగా విడువక, ఆనాడే తీసికొని పోవలెను. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా లభించును. మార్కులు మరల తెచ్చుకొనవచ్చును, బిడ్డను తెచ్చుకొనలేము.