విదేశీయుల బ్యాంకులును, పల్లెటూరి రైతు అప్పును

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు: “విదేశీయులు మన బ్యాంకులను కొనుచున్నారట, ఇకమీదట మాకు అప్పు పుట్టునా?” దీనిని గూర్చి సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

పూర్వము చెన్నపట్టణమున ఆర్బత్‌నాట్ కంపెనీ యను ఆంగ్లేయుల బ్యాంకు ఉండెడిది. అది 1906 అక్టోబరులో దివాలా తీయగా, నమ్మి సొమ్ము దాచుకొన్నవారు పెక్కుమంది నష్టపడిరి. ఆ దెబ్బతో కనులు తెరచి, వి. కృష్ణస్వామి అయ్యరు మున్నగువారు 1907లో ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. చిత్తూరు కేంద్రముగా మన పల్లెలకు అప్పులిచ్చిన సప్తగిరి గ్రామీణ బ్యాంకును నిలిపినది ఈ ఇండియన్ బ్యాంకే. సప్తగిరి 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసినది.

అట్లని పరాయివారి బ్యాంకులన్నియు చెడ్డవనుట న్యాయము కాదు. 1926లో కరూరు వర్తకులు స్థాపించిన లక్ష్మీ విలాస్ బ్యాంకు దేశీయమే. అది 2020లో కూలిపోవు స్థితికి రాగా, ఆ నవంబరులో దానిని సింగపూరువారి డీబీఎస్ బ్యాంకు ఇండియాలో కలిపిరి. డిపాజిటుదారుల సొమ్ము దక్కినది. వాటాదారుల వాటాలు మాత్రము రద్దయినవి.

దాచిన సొమ్ము సంగతి యిది. అప్పు సంగతి వేరు. దూరదేశపు యజమాని లెక్కల పుస్తకమును, ఆస్తి పత్రములను చూచి అప్పిచ్చును. టమాట ధర పడిపోయినను మాట తప్పని రైతెవడో ఆ కాగితములలో కానరాదు. కావున అట్టి బ్యాంకులు తరచుగా పట్టణములలోని పెద్ద ఖాతాలనే ఏరుకొనును.

చట్టము దీనిని కొంత సరిదిద్దినది. రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి దేశీయ వాణిజ్య బ్యాంకులు తమ అప్పులలో నూటికి 18 వంతులు వ్యవసాయమునకు ఈయవలెను. ఇరువది లేక అంతకు మించి శాఖలున్న విదేశీ బ్యాంకులకును ఇదియే నియమము. అంతకు తక్కువ శాఖలున్న వానికి ఈ వ్యవసాయపు వంతు లేదు. కాబట్టి యజమాని యెవడని మాత్రమే కాక, శాఖ ఎంత దూరమున నున్నది, ఏ నియమమునకు లోబడినది యని విచారింపవలెను.

రైతు గుణమును, పొలమును ఎరిగి అప్పిచ్చునది సహకార సంఘము. అయితే ఒక హెచ్చరిక: బ్యాంకులోని డిపాజిటుకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములోని డిపాజిటుకు ఆ బీమా లేదు. మన సొమ్మునకు మన జాగ్రత్తయే కాపు. అందుచేత సభ్యులు ఈ మూడు పనులు మరువరాదు:

1. కట్టిన ప్రతి రూపాయికి రశీదు పొందుడు.
2. ఆడిట్ నివేదికను ఏటేట మహాసభలో చదివించి వినుడు.
3. వాయిదా తప్పక చెల్లింపుడు; ఒకరి బాకీ మరియొకరి విత్తనములకు అడ్డము.