క్యాన్సర్ బృందాల్లో కెమెరా, ఇంట్లో మిగిలే పటం

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఇళ్లలో గోడలకు వేలాడే పెద్దల పటాలను పరిశీలిస్తే, వాటిలో ఎన్నో ఆ మనిషి కోసమని తీసినవి కావని, రేషన్ కార్డు కోసం తీయించిన చిన్న ఫోటోను పెద్దది చేయించినవో, ఎవరిదో పెళ్లి ఫోటోలోంచి ముఖం మాత్రం వేరుచేయించినవో అని తెలుస్తుంది. సంక్రాంతికి కొత్త బట్టలు పెట్టి మొక్కేది ఆ పటాల ముందే. క్యాన్సర్‌తో పోయినవారి విషయంలో ఈ లోటు మరింత బాధిస్తుంది. జబ్బు బయటపడ్డాక రోగి కెమెరాకు ముఖం చాటేయడం, ఆ రూపం మిగలకూడదని ఇంటివారూ ఫోటో తీయకపోవడం వల్ల, మనిషి ఎంతో నిబ్బరంగా బతికిన నెలలే కుటుంబ జ్ఞాపకంలో ఖాళీగా ఉండిపోతాయి.

ఆత్మీయులను ఈ జబ్బుకు పోగొట్టుకున్నవారు క్యాన్సర్ సపోర్ట్ గ్రూపులను, అంటే రోగులు, కోలుకున్నవారు, వారిని కనిపెట్టుకొని ఉండేవారు కలిసి కష్టసుఖాలు చెప్పుకొనే బృందాలను ఫోటో తీయడానికి పూనుకోవడం, ఆ ఖాళీని అర్థవంతంగా ఎదుర్కొనే మార్గాల్లో ఒకటి. పోయినవారి మీది మమకారాన్ని క్రమంగా ఉపసంహరించుకోవడమే దుఃఖం చేసే పని అని ఫ్రాయిడ్ 1917లో ప్రతిపాదించగా, 1996లో దుఃఖాన్ని అధ్యయనం చేసిన డెనిస్ క్లాస్, ఆయన సహ సంపాదకులు వెలువరించిన గ్రంథం, మరణించినవారితో బంధం తెగిపోనక్కరలేదని, రూపం మార్చుకొని కొనసాగడం ఆరోగ్యకరమేనని వాదించింది. ఏటా పెద్దలకు బట్టలు పెట్టుకొనే రాయలసీమవాసులకు ఈ రెండో మాటే సహజంగా తోస్తుంది. తల్లికి చేయలేకపోయిన సేవ మరొకరి తల్లిని శ్రద్ధగా చూడటంగా మారినప్పుడు ఆ బంధానికి కొత్త పని దొరుకుతుంది.

అటువంటి బృందాలు ఆసుపత్రుల్లోనే పుట్టగలవు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి తోడు 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. వేలూరు సీఎంసీకి వెళ్లేవారూ ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది కాబట్టి, అవే ముఖాలు అదే బెంచీ మీద రోజూ కలుసుకుంటాయి. పేరు పెట్టకముందే అక్కడ ఒక బృందం ఏర్పడుతుంది. సపోర్ట్ గ్రూపుల్లో పాల్గొన్న రోగులు ఎక్కువ కాలం జీవించారని మనోవైద్యుడు డేవిడ్ స్పీగెల్ 1989లో ప్రకటించిన ఫలితాన్ని తరువాతి పరిశోధనలు చాలావరకు బలపరచకపోయినా, మనోవ్యథ తగ్గుతుందన్న సంగతి నిలిచింది. అది తక్కువ మేలేమీ కాదు.

కీమోథెరపీ, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందుల చికిత్స, తరచు జుట్టును రాల్చేస్తుంది. కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించినవారు వీధివీధినా కనబడే తిరుపతిలో జుట్టు రాలిన తలను ఎవరూ వింతగా చూడరు. ఇది రోగికి మరే ఊరూ అంతగా ఇవ్వలేని ఊరట. అయినా మొక్కుగా ఇచ్చిన జుట్టు వేరు, మందు తీసుకుపోయిన జుట్టు వేరు; ఆ తేడా రోగి కళ్లలో తెలుస్తుంది. దాన్ని గుర్తించేంత ఓపిక సాధించడమే ఫోటో తీసేవారికి అసలైన శిక్షణ.

ఆ ఓపికతో పాటు సమ్మతి విషయంలో నిక్కచ్చితనమూ అవసరం. తల్లికి క్యాన్సరని తెలిస్తే కూతురి సంబంధం తప్పిపోతుందేమోనని జబ్బును దాచే కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి మొదటిరోజు తలూపారన్న ధైర్యంతో ఎవరి ముఖాన్నీ ప్రదర్శనకు పెట్టకూడదు. స్కాన్ కవరు పట్టుకున్న చేతులు, క్యారియర్ విప్పి పక్కవారికి అన్నం పెడుతున్న రోగి భార్య చేతులు, ఇటువంటి ముఖం లేని చిత్రాలూ నిజమే చెబుతాయి. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ జో స్పెన్స్ 1982లో తనకు రొమ్ము క్యాన్సరని తెలిశాక కెమెరాను తన దేహంవైపే తిప్పుకొంది. తన రూపం ఎలా కనబడాలో నిర్ణయించే అధికారం రోగిదేనని ఆమె పని గట్టిగా చెబుతుంది. బృందంలోని వారికి కూడా కెమెరా ఇచ్చి, తీసిన వాటిలో ఏవి ఉంచాలో, ఏవి చెరిపేయాలో వారినే ఎంచుకోనివ్వాలి. అచ్చువేయించిన ప్రతి మొదట చేరవలసింది వారి చేతికే. వారిలో ఎవరైనా కాలం చేస్తే, ఆ చిత్రం ఇక ఎక్కడ ఉండాలో ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి.