"అక్కలు వచ్చాయి": ఈ తప్పు ఎక్కడి నుండి వచ్చింది?

 

ఈసారి గోడపత్రికలో క్రియల గురించి ఒక వ్యాసం రాయమని తెలుగు మేడం గారు నాతో చెప్పారు. క్రియ అంటే పనిని తెలిపే మాట అని మనం ఐదో తరగతిలోనే చదువుకున్నాం. క్రియలు చాలా ఉన్నాయి. నేను మాత్రం "వచ్చు" అనే ఒక్క క్రియనే తీసుకుంటాను. ఆ ఒక్కటి నన్ను చాలా ఏడిపించింది గనుక దాని సంగతి నాకు బాగా తెలుసు.

ముందుగా నా సంగతి

నేను కోయ అమ్మాయిని. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చిన కొత్తలో, ఆదివారం నాడు మా అమ్మ, మా పెద్దమ్మ కూతుళ్ళు ఇద్దరు నన్ను చూడడానికి వచ్చారు. మర్నాడు క్లాసులో "నిన్న మీ ఇంటి నుండి ఎవరు వచ్చారు?" అని అడిగారు. నేను లేచి నిలబడి "మా అక్కలు వచ్చాయి" అన్నాను.

క్లాసంతా ఒక్కసారి నవ్వింది. "అక్కలు వచ్చాయా? మేకలు గూడా వచ్చాయా?" అని వెనక బెంచీ నుండి ఎవరో అన్నారు. ఆ రోజు నుండి నా పేరు పోయి "వచ్చాయి" అనేదే నా పేరయింది. అన్నం దగ్గర, పంపు దగ్గర, అంతటా అదే పిలుపు. ఆ సంవత్సరం నేను క్లాసులో నోరు తెరవలేదు. జవాబు తెలిసినా తల వంచుకుని కూర్చున్నాను. పరీక్షలో "స్త్రీలు నాట్లు వేస్తున్నాయి" అని రాస్తే దాని కింద ఎర్ర గీత పడింది. తప్పు అని తెలిసింది గాని, ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. నాకు బుర్ర లేదు కాబోలు అనుకున్నాను.

వేసవి సెలవుల్లో ఈ మాట అమ్మకు చెప్పాను. అమ్మకు చదువు రాదు. అంతా విని, "మరి అక్కలు వస్తే ఇంకెట్లా అంటారు?" అని నన్నే అడిగింది. ఆమెకు అందులో తప్పేమిటో అర్థం కాలేదు. నాకూ చెప్పడం రాలేదు.

ఇప్పుడు చెప్పగలను. అందుకే ఈ వ్యాసం.

తెలుగులో ఎట్లా?

ఈ వాక్యాలు గమనించండి.

అన్న వచ్చాడు. అక్క వచ్చింది. మేక వచ్చింది. బస్సు వచ్చింది.
అన్నలు వచ్చారు. అక్కలు వచ్చారు. మేకలు వచ్చాయి. బస్సులు వచ్చాయి.

మొదటి వరుస ఏకవచనం. అక్కడ అన్న ఒక్కడే వేరు. అక్క, మేక, బస్సు మూడింటికీ "వచ్చింది" అనే అంటాం. రెండో వరుస బహువచనం. అక్కడికి రాగానే అక్కలు మేకల జట్టు వదిలిపెట్టి అన్నల జట్టులో కలిశారు.

మన వ్యాకరణంలో మగవాళ్ళను తెలిపే మాటలను మహద్వాచకాలు అంటారు. ఆడవాళ్ళను తెలిపేవి మహతీ వాచకాలు. జంతువులు, పక్షులు, వస్తువులు అమహద్వాచకాలు. మహతీ వాచకాలు ఏకవచనంలో అమహత్తుల్లా, బహువచనంలో మహత్తుల్లా నడుస్తాయి. ఇది నేను కల్పించిన సూత్రం కాదు. పరవస్తు చిన్నయసూరి గారి కాలం నుండి పండితులు చెబుతున్నదే.

కాబట్టి నన్ను చూసి నవ్విన స్నేహితురాళ్ళు గూడా రోజూ "అమ్మ వచ్చింది, మేక వచ్చింది" అని రెండింటికీ ఒకే మాట వాడుతున్నారు. దానికి ఎవరూ నవ్వడం లేదు. అలవాటయిపోయింది గనుక.

కోయలో ఎట్లా?

కోయలో "అతడు" అనడానికి "ఓండు" అంటాం. "ఆమె" అన్నా "అది" అన్నా ఒకటే మాట, "అద్దు". అన్న వస్తే "ఓండు వత్తోండు". అక్క వస్తే "అద్దు వత్తె". మేక వచ్చినా "అద్దు వత్తె". ఇక్కడి వరకు తెలుగు, కోయ ఒకే దారి.

బహువచనంలో దారి చీలుతుంది. మగవాళ్ళు వస్తే "ఓరు వత్తోరు". ఆడవాళ్ళు వస్తే "ఓరు" రాదు, "అవ్వు" వస్తుంది. మేకలకూ "అవ్వు" అనే అంటాం. క్రియ చివర గూడా ఆడవాళ్ళకూ మేకలకూ ఒకే ముక్క తగులుతుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి వస్తే మాత్రం "ఓరు" అంటాం.

అంటే కోయలో అక్క ఏ జట్టులో ఉందో అక్కలు గూడా అదే జట్టులో ఉంటారు. ఏకవచనంలో ఒక జట్టు, బహువచనంలో ఇంకో జట్టు అని మారడం లేదు. ఇప్పుడు చెప్పండి. చిన్నప్పటి నుండి అట్లా మాట్లాడిన పిల్ల తెలుగులోకి రాగానే "అక్కలు వచ్చాయి" అనక ఏమంటుంది? నేను తెలుగు మాటలు పెట్టి కోయ సూత్రం నడిపించాను. సూత్రం తప్పు కాదు, చోటు తప్పు.

కోయ ఒక్కటే కాదు, గోండి, కువి, కొలామి భాషలు గూడా ఇట్లాగే ఆడవాళ్ళను బహువచనంలో వేరే జట్టులో పెడతాయి. ఇవన్నీ ద్రావిడ భాషలు. తెలుగు గూడా ద్రావిడ భాషే. అందులోనూ తెలుగు, గోండి, కోయ, కువి ఒకే కొమ్మకు చెందినవని భాషా శాస్త్రవేత్తలు తేల్చారు. కోయ తెలుగుకు పరాయిది కాదు, అక్కచెల్లెళ్ళ వరుస.

ఆడవాళ్ళను మేకలతో కలిపితే తక్కువ చేసినట్టు కాదా అని ఒక స్నేహితురాలు నన్ను అడిగింది. మంచి ప్రశ్నే. కాని "అమ్మ వచ్చింది" అన్నప్పుడు మీరు అమ్మను తక్కువ చేస్తున్నారా? క్రియ చివరి ముక్క మర్యాదను కొలిచే తూకపురాయి కాదు. అది వాక్యంలో ఏ మాట ఏ మాటతో జతో చెప్పే గుర్తు, అంతే.

క్రియ చివర తోక ఎందుకు?

వాడు వచ్చాడు, మేము వచ్చాము, మీరు వచ్చారు. ఈ వాక్యాల్లో మొదటి మాట చివరి అక్షరమూ, క్రియ చివరి అక్షరమూ చూడండి. డు-డు, ము-ము, రు-రు. కోయలో ఓండు వత్తోండు, ఓరు వత్తోరు. ఎవరు చేశారో ఆ మాట తోక క్రియకు అతుక్కుని ఉంటుంది. అందుకే "నేను" అనకుండా ఉత్త "వచ్చాను" అన్నా వినేవాళ్ళకు తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో ఈ తోక దాదాపు లేదు. ఐ కేమ్, యూ కేమ్, హీ కేమ్, షీ కేమ్, దే కేమ్. అందరికీ "కేమ్" ఒక్కటే. కాబట్టి ముందు ఐ, హీ, షీ తప్పక చెప్పాలి. "కేమ్" అని ఊరుకుంటే ఎవరొచ్చారో తెలియదు. వర్తమానంలో మాత్రం హీ, షీ, ఇట్‌లకు "కమ్స్" అని చివర ఒక "స్" వస్తుంది. ఆ ఒక్క "స్" మరిచిపోయి మనందరం మార్కులు పోగొట్టుకుంటున్నాం!

తమిళంలో అతడు "వందాన్", ఆమె "వందాళ్", అది "వందదు". అక్కడ ఏకవచనంలోనే ఆడవాళ్ళకు వేరే తోక ఉంది. మన తెలుగులో "ఆమె" అనే మాట వేరుగా ఉన్నా, తోక వేరుగా లేదు.

హిందీ క్లాసులో జరిగింది

హిందీలో ఇంకో చిత్రం ఉంది. అబ్బాయి "మై ఆయా" అనాలి, అమ్మాయి "మై ఆయీ" అనాలి. తెలుగులో అబ్బాయైనా అమ్మాయైనా "నేను వచ్చాను" అనే అంటారు. హిందీలో వస్తువులకు గూడా ఆడ మగ ఉంటాయి. బస్ ఆయీ. పానీ ఆయా. బస్సు ఎందుకు ఆడదయిందో, నీళ్ళు ఎందుకు మగవయ్యాయో అడిగితే లాభం లేదు, నేర్చుకోవాల్సిందే.

పోయిన సంవత్సరం ఎనిమిదో తరగతిలో హిందీ సారు మా క్లాసులో ఒక అమ్మాయిని లేపి, నేను బడికి వచ్చాను అని చెప్పమన్నారు. ఆమె "మై స్కూల్ ఆయా" అంది. తండా అమ్మాయిలు ఇద్దరు నవ్వారు. వాళ్ళ లంబాడీలో గూడా హిందీలో మాదిరి ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ క్రియ మారుతుంది, అందుకని వాళ్ళకు తప్పు వెంటనే తెలిసింది. అప్పుడు సారు, "నవ్వకండి. ఆమె తెలివి తక్కువై అట్లా అనలేదు. తెలుగులో ఆ తేడా లేదు గనుక అన్నది. అది మాతృభాష నుండి వచ్చిన తప్పు" అన్నారు.

లేచి నిలబడిన ఆ అమ్మాయి ఎవరో కాదు, ఆరో తరగతిలో నాకు "వచ్చాయి" అని పేరు పెట్టిన అమ్మాయే. (పేరు రాయను. ఇప్పుడు మేమిద్దరం స్నేహితులం.) నాకు ఆమె మీద నవ్వు రాలేదు. నా చెవిలో ఒక్క మాటే నిలిచింది. మాతృభాష నుండి వచ్చిన తప్పు! అయితే నాదీ అదే గదా! సాయంత్రం తెలుగు మేడం గారి దగ్గరకు పోయి అడిగాను. మేడం గారు కాగితం ఇచ్చి, "కోయలో ఎట్లా అంటారో వరుసగా రాయి" అన్నారు. పైన మీరు చదివిన కోయ వాక్యాలు ఆ రోజు రాసినవే. మా భాషను కాగితం మీద నేను రాయడం అదే మొదటిసారి.

సవరలో ఎట్లా?

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టి 1940లో చనిపోయారు. వ్యవహారిక భాష కోసం పోరాడారని పాఠంలో ఉంది. ఆయన పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి.

సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందింది. అందులో అతడు అన్నా ఆమె అన్నా "అనిన్" ఒక్కటే మాట. వాళ్ళు అనడానికి "అనిన్‌జి". ఆడ మగ తేడాతో క్రియ మారదు. సవర పిల్ల తెలుగు నేర్చుకునేటప్పుడు "అమ్మ వచ్చాడు" అంటే ఆశ్చర్యపోకండి. అది గూడా తెలివి తక్కువ కాదు.

అన్నీ కలిపి చూస్తే

తెలుగు: ఒక్క స్త్రీ అయితే మేకతో జత, ఎక్కువమంది అయితే పురుషులతో జత.
కోయ, గోండి: ఒక్కరైనా ఎక్కువమందైనా స్త్రీలు పురుషుల నుండి వేరు.
హిందీ: మనిషికీ వస్తువుకూ అన్నింటికీ ఆడ మగ.
ఇంగ్లీషు: హీ, షీ వేరు, క్రియ ఒక్కటే.
సవర: మాటా ఒక్కటే, క్రియా ఒక్కటే.

ఇందులో ఏది ఒప్పు, ఏది తప్పు? దేని ఇంట్లో అది ఒప్పు. తెలుగు పరీక్షలో తెలుగు సూత్రమే రాయాలి, మార్కులు కావాలి గదా! నేను గూడా ఇప్పుడు "అక్కలు వచ్చారు" అనే రాస్తున్నాను. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మతో మాత్రం "అవ్వు" అనే అంటాను. రెండూ నావే.

చివరి మాట

ఈ వ్యాసం ఇప్పుడే ఎందుకు రాశానంటే, మొన్న ఐదో తరగతిలో కొత్తగా చేరిన ఒక కోయ పాప కూడా నేనన్న మాటే అంది. అందరూ నవ్వారు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు పెట్టె సర్దుకుని, వాళ్ళ నాన్న వస్తే వెళ్ళిపోతానని గేటు దగ్గర కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చుని కోయలో మాట్లాడాను. నా కథ చెప్పాను. "నువ్వు గూడానా?" అని అడిగింది. ప్రస్తుతం పెట్టె మళ్ళీ మంచం కిందికి పోయింది. కాని ఇంకొకసారి నవ్వితే ఉంటుందో లేదో నాకు తెలియదు.

వార్డెన్ మేడం గారికి, టీచర్లకు నా విన్నపం. చిన్న పిల్లలు ఇట్లాంటి తప్పు చేస్తే ఎర్ర గీత పెట్టండి, కాని పక్కన "మీ భాషలో ఎట్లా అంటారు?" అని ఒక్క మాట అడగండి. స్నేహితులకు నా విన్నపం. తెలుగులో "మేము" వేరు, "మనం" వేరు. ఎదుటివాళ్ళను కలుపుకుంటేనే "మనం" అంటాం. కోయలో గూడా ఈ రెండు వేరు వేరు మాటలు. ఇంగ్లీషు "వి", హిందీ "హమ్" ఆ తేడా చూపించలేవు. మన రెండు భాషలకూ ఉన్న ఈ మాటను కొత్తగా వచ్చిన పిల్లలతో వాడుదాం.

అభ్యాసం: మీ ఇంటి భాషలో "అన్న వచ్చాడు, అక్క వచ్చింది, అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, మేకలు వచ్చాయి" అనే ఐదు వాక్యాలు రాసి ఈ పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. వచ్చే నెల అన్నీ ఇక్కడే అతికిస్తాం. తప్పులున్నా ఎవరూ నవ్వరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి