పేస్ట్ మార్చేముందు అంకెలు చూడు

అనంతపురం

చి. బుజ్జికి, మామయ్య నుంచి.

లాప్‌టాప్ పది నిమిషాలకే కాలిపోతోందనీ, మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేయగానే ఫ్యాన్ హోరెత్తి అన్నీ నత్తనడక నడుస్తున్నాయనీ, రిపేరు షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండా "పేస్ట్ ఎండిపోయింది" అన్నారనీ అమ్మ చెప్పింది. కొత్తది కొనేద్దామా అని కూడా ఆలోచిస్తున్నావట. కనీసం ఈ ఉత్తరం చదివేదాకా ఆగు.

నీ దగ్గరున్నది థింక్‌ప్యాడ్ టీ480, 2018లో వచ్చిన మోడల్. బెంగళూరు కంపెనీలు లీజుకు తీసుకుని, గడువు తీరాక వదిలించుకునే మెషీన్లు ఇలాంటివే. కాస్త తుడిచి, ర్యామ్ పెంచి, నీలాంటి కొత్త ఉద్యోగులకు అమ్ముతారు. లోపలున్నది ఇంటెల్ ఐ5-8250యూ, అంటే ఎనిమిదో తరం ప్రాసెసర్. ఆ ఎనిమిది అంకెకు ఇప్పుడు విలువ ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరంతోనే మొదలవుతుంది. ఒక్క ఏడాది ముందు మోడల్ అయినా ఈ శ్రమ దండగ అనేవాడు మామయ్య. దీనికి మాత్రం ఇంకా ఆయుష్షు ఉంది.

అయితే పేస్ట్ అనే మాట మంత్రంలా వాడేస్తున్నారు. వేడెక్కితే పేస్ట్, స్లో అయితే పేస్ట్, ఆగిపోతే పేస్ట్. అది చేసే పని ఏమిటో తెలిస్తే, ఎప్పుడు దాన్ని అనుమానించాలో నీకే తెలుస్తుంది.

ప్రాసెసర్ చిప్ పైభాగమూ, దాన్ని నొక్కి పట్టే రాగి పలకా చూడ్డానికి అద్దంలా నున్నగా ఉన్నా, నిజానికి రెండింటి మీదా కంటికి కనబడని గుంతలుంటాయి. ఆ సందుల్లో గాలి చేరుతుంది. వేడిని మోసే విషయంలో గాలి బొత్తిగా పనికిమాలినది: దాని ఉష్ణవాహకత సుమారు 0.026 అయితే రాగిది 400 దాకా ఉంటుంది. మామూలు పేస్టులది, కంపెనీలు చెప్పుకునే లెక్క ప్రకారం, నాలుగు నుంచి పది లోపు. గాలి కన్నా వందల రెట్లు నయం, రాగి ముందు దిగదుడుపే. అందుకే పేస్ట్ ఎంత పలచగా ఉంటే అంత మంచిది. సందుల్లో గాలిని తరిమెయ్యడమే దాని పని, అంతకు మించి కాదు.

పేస్ట్ చాలావరకు సిలికోన్ నూనె, అందులో కలిపిన జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి సన్నని పొడి. ఏళ్ల తరబడి వేడికి నూనె విడిపోయి పొడి మిగులుతుంది. ఇంకొకటి కూడా జరుగుతుంది. చిప్ సిలికాన్, పలక రాగి. వేడెక్కినప్పుడు రెండూ ఒకే లెక్కన వ్యాకోచించవు. రోజుకు ఎన్నోసార్లు వేడెక్కి చల్లారుతుంటే ఆ కదలికకు పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకు జరిగిపోతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. లాప్‌టాప్‌లో చిప్ నేరుగా పలకకు తగులుతుంది. విప్పి చూస్తే తేడా ఇట్టే కనబడుతుంది: చిప్ నడిమధ్య దాదాపు బోసిగా మెరుస్తూ, చుట్టూ అంచున బూడిదరంగు గట్టు కట్టి ఉంటుంది. ఆ గట్టును గోటితో గీస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ రెండూ కనిపిస్తే షాపువాడి మాట నిజమే.

కానీ విప్పకముందే చాలావరకు తేల్చుకోవచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకో. లినక్స్ వాడుతుంటే ఎల్ఎం-సెన్సర్స్ చాలు. లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టు, మంచం మీద కాదు. టీ480 కింది వైపు నుంచే గాలి పీల్చుకుంటుంది. పీజీలో దుప్పటి మీద పెట్టుకుని పనిచేసేవాళ్లలో సగం మందికి జబ్బు అదే అయ్యుంటుంది. ఏ పనీ ఇవ్వకుండా పావుగంట వదిలేసి ఉష్ణోగ్రత రాసుకో. తర్వాత సీపీయూ-జెడ్‌లో ఉండే స్ట్రెస్ టెస్ట్ పెట్టి, పది నిమిషాలు అంకెలూ చూస్తూ, గాలి బయటికొచ్చే జాలీ దగ్గర అరచెయ్యి పెట్టి ఉంచు.

ఈ చిప్‌కు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. దాన్ని తాకగానే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగలిగింది 1.6కో, ఇంకా కిందికో పడిపోతుంది. నీ మీటింగ్‌లో జరుగుతున్నది ఇదే అయ్యుండాలి.

టెస్ట్ మొదలుపెట్టిన రెండు మూడు సెకన్లలోనే అంకె 95 దాటి, జాలీ దగ్గర గాలి మాత్రం గోరువెచ్చగానే ఉంటే వేడి చిప్ దాటి బయటికి రావట్లేదన్నమాట. అప్పుడు పేస్టునే అనుమానించాలి. నాలుగు కోర్లలో ఒకటి మిగతావాటి కన్నా పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది, పలక సమంగా ఆనడం లేదు. అలా కాకుండా అంకె నిమిషాల మీద మెల్లగా పైకి పాకుతూ, ఫ్యాన్ అరుస్తున్నా చేతికి గాలే తగలకపోతే దుమ్ము. గాలి బలంగా, సెగలా వస్తూ ఉంటే కూలింగ్ తన పని తాను చేస్తోంది. వెనక ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను తినేస్తోందో టాస్క్ మేనేజర్‌లో చూడాలి. ఆఫీసువాళ్లు వేయించిన యాంటీవైరసే చాలాసార్లు దొరుకుతుంది.

నువ్వుండే బెంగళూరు గురించి రెండు మాటలు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, అక్కడి గాలి దాదాపు పదో వంతు పలచన. అంత మేరకు ఫ్యాన్ మోసే వేడీ కొంచెం తగ్గుతుంది. ఊరి చల్లదనం ఆ లోటు పూడ్చేస్తుంది గానీ ఎండాకాలంలో నమ్మకం లేదు. 2016 ఏప్రిల్‌లో అక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది కాబట్టి ముందూ వెనకా కొలతలు ఒకే గదిలో, ఒకే వేళకు తీసుకో. ఇక మీ మారతహళ్లి దుమ్ము సంగతి నీకే తెలుసు. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా మెట్రో పనులు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. ఆ దుమ్మంతా ఫ్యాన్‌కూ, దాని ముందుండే సన్నని రేకులకూ మధ్య కంబళిముక్కలా పేరుకుంటుంది. బయట నుంచి ఎంత ఊదినా అది రాదు, మూత తీసి చిమటాతో లాగాల్సిందే.

పేస్టే అని తేలితే సామాను కోసం ఎస్పీ రోడ్డుకు వెళ్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎంతో బెంగళూరులో సదర్ పత్రప్ప రోడ్డు అంత. గ్రీన్ లైన్‌లో చిక్‌పేటలో గానీ కె.ఆర్. మార్కెట్‌లో గానీ దిగితే నడిచి వెళ్లొచ్చు. కావలసినవి తక్కువే: ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటి, విద్యుత్తు పారని పేస్ట్ ఒక ట్యూబు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, మంచి స్క్రూడ్రైవర్. ఎంఎక్స్-4కు నకిలీలు చాలా ఉన్నాయి. కంపెనీ తన సైట్‌లో అసలుదో కాదో సరిచూసుకునే వీలు పెట్టింది, కౌంటర్ దగ్గరే చూసుకో. శానిటైజర్‌తో తుడవొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. లిక్విడ్ మెటల్ అంటగడతామన్నా వద్దను. దాన్లోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క చుక్క బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

లెనోవో తన సర్వీసు మాన్యువల్‌ను దాచుకోదు, టీ480ది ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. విప్పే క్రమమంతా బొమ్మలతో అందులో ఉంది కాబట్టి మామయ్య ఇక్కడ చెప్పేది చెయ్యి తడబడే చోట్ల గురించే.

ఈ మోడల్‌కు రెండు బ్యాటరీలు. వెనకది చేత్తో ఊడదీస్తావు, రెండోది లోపల ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, కాన్ఫిగ్, పవర్ కింద లోపలి బ్యాటరీని ఆపేసే ఆప్షన్ ఎంచుకో. ఛార్జర్ తీసేశాకే ఆ పని. ఆ తర్వాత వెనక బ్యాటరీ తీసి మూతకు చెయ్యి పెట్టు. మూత స్క్రూలు వదులై అక్కడే ఉండిపోతాయి, ఊడి చేతికి రావట్లేదని గట్టిగా లాగకు. అంచులు విడదీయడానికి పాత సిమ్ కార్డో, ప్లాస్టిక్ కార్డో చాలు, ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు. లోపలి బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేసి మూత పెట్టెయ్. దాన్ని గుచ్చినా వంచినా అంటుకునే ప్రమాదం ఉంది. ముందు బ్యాటరీ మార్పించు, మిగతాది తర్వాత.

ఫ్యాన్, రాగి గొట్టం, పలక కలిసి ఒకే ముక్కగా వస్తాయి. ఆ గొట్టం ఉత్త రాగికడ్డీ కాదు. లోపల గాలి తీసేసి, చుక్క నీళ్లు పోసి మూసిన హీట్ పైపు. ఇటు ఆవిరై, అటు చల్లారి, మళ్లీ వెనక్కి పాకి వచ్చే ఆ ద్రవమే వేడిని మోస్తుంది. నీ పీజీకి దగ్గర్లోనే ఉన్న యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో తయారయ్యే ఇస్రో ఉపగ్రహాల్లోనూ ఇదే సూత్రం మీద పనిచేసే పైపులుంటాయి, ద్రవం మాత్రం వేరు. అందుకే గొట్టాన్ని వంచకు. వంగి నలిగితే ఇక అది పనికిరాదు.

అన్నిటికన్నా భయపడాల్సిన క్షణం పలకను ఎత్తడం. ఎండిన పేస్ట్ గట్టిగా పట్టేసి ఉంటుంది. నిలువుగా లాగితే చిప్ అంచు పెచ్చు ఊడొచ్చు, ఊడితే బోర్డంతా పోయినట్టే, ఎందుకంటే చిప్ బోర్డుకే టంకం వేసి ఉంటుంది. విప్పేముందు కాసేపు లాప్‌టాప్ వాడి వెచ్చగా ఉంచితే పట్టు కొంత సడలుతుంది. స్క్రూల పక్కన అచ్చేసిన అంకెలను చూసి, పెద్ద అంకె నుంచి చిన్నదానికి కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. ఫ్యాన్ కనెక్టర్‌ను వైరు పట్టి కాకుండా తెల్లని మొన పట్టి తియ్యి. పలకను అటూ ఇటూ రవ్వంత తిప్పి చూడు, అదే వదులుతుంది.

మెత్తని బట్టకు ఆల్కహాల్ తడి చేసి, చిప్పూ పలకా బూడిదరంగు అంటనంతదాకా తుడువు. కిటికీ తెరిచి ఉంచు, దగ్గర్లో దీపం, సిగరెట్టు ఉండకూడదు. చిప్ పక్కనే అదే పచ్చబోర్డు మీద ఇంకో చిన్న చిప్ ఉంటుంది. దానికి ఇదివరకు పేస్ట్ లేకపోతే నువ్వూ పెట్టకు. ఫ్యాన్ దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకో. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది. ఎక్కడైనా మెత్తని రబ్బరులాంటి ప్యాడ్లు కనిపిస్తే వాటిని తీసి పేస్ట్ పూయకు. అవి మందం చూసి పెట్టినవి, పేస్ట్ అంత ఖాళీని పూడ్చలేదు.

కొత్త పేస్ట్ బియ్యపు గింజంత చాలు. చిప్ చిన్నది, మూత లేనిది కాబట్టి ప్లాస్టిక్ కార్డుతో అంచుల దాకా పలచగా పరుచు. మూల ఒక్కటి బోసిపోయినా అక్కడి వేడి ఎటూ పోదు. పలకను ఒక్కసారే నిటారుగా దించి, ఈసారి 1, 2, 3 వరసలో స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించు. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోతే పలక వాలుతుంది, చిప్ మూల మీద భారం పడుతుంది.

అన్నీ బిగించి పవర్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. గాభరా పడకు. లోపలి బ్యాటరీని నువ్వే ఆపేశావు, ఛార్జర్ పెట్టగానే అది మళ్లీ పనిలోకి వస్తుంది. అప్పుడు అదే గదిలో, అదే టెస్ట్, అదే పది నిమిషాలు. పేస్టే దోషి అయ్యుంటే మొదటి సెకన్లలో ఎగిరి దూకే అంకె ఇప్పుడు మెల్లగా ఎక్కుతుంది, జాలీ దగ్గర గాలి ముందుకన్నా వేడిగా వస్తుంది. గాలి వేడెక్కిందని కంగారొద్దు, లోపల ఇరుక్కున్న వేడి బయటపడుతోందన్నమాట.

చెయ్యి వణుకుతుంది, ఒక్కదాన్నే విప్పలేను అనుకుంటే షాపుకే ఇవ్వక్కర్లేదు. పూర్ణా సర్కార్, అంతరా ముఖర్జీ 2015లో రిపేర్ కెఫే బెంగళూరు మొదలుపెట్టారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా ఆరంభించిన పద్ధతే: పాడైన వస్తువు తెచ్చినవాళ్లు, రిపేరు తెలిసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, వస్తువు తెచ్చినవాళ్లూ పనిలో చెయ్యి వేస్తారు. బెంగళూరులో చాలా పేటల్లో ఇలాంటి వర్క్‌షాపులు జరిగాయి. పక్కన తెలిసినవాళ్లు కూర్చుంటే మొదటిసారి భయం సగం పోతుంది. షాపుకే ఇస్తే మాత్రం నీ ఎదురుగానే విప్పమను, చిప్ ఫొటో ముందొకటి, తర్వాతొకటి తీసుకో. అడగడానికి మొహమాటపడకు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది కూడా, కొన్న వస్తువును బాగుచేసుకునే సమాచారం మనకు అందాలనే.

ఇంత చేసినా అంకె దిగకపోతే ఫ్యాన్ అరిగిపోయి ఉండొచ్చు. ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది, కానీ టీ480కు రెండు రకాలు: ఎన్‌విడియా ఎంఎక్స్150 గ్రాఫిక్స్ చిప్ ఉన్నదానికి ఒకటి, లేనిదానికి ఒకటి. నీది ఏదో డివైస్ మేనేజర్‌లో చూసుకుని, పాత ఫ్యాన్ మీది లేబుల్ ఫొటో తీసుకుని వెళ్లు. ఇచ్చిన కొత్త ఫ్యాన్‌ను వేలితో తిప్పి, గరగర లేదని తేలాకే డబ్బులివ్వు. రెండు కొలతలూ వాట్సాప్‌లో పెట్టు, ఏ వేళకు తీశావో కూడా రాయి.

మీ మామయ్య