పోటీ పరీక్షల ప్రత్యేకం: మిల్లీసెకను పల్సార్లు – ఎక్స్‌రే పరిశీలన

పల్సార్: వేగంగా తిరిగే న్యూట్రాన్ తార. తొలిసారి గుర్తించింది జోసెలిన్ బెల్, 1967. నోబెల్ మాత్రం ఆంటొనీ హ్యూయిష్‌కు, 1974 (తరచూ తికమకపెట్టే ప్రశ్న).

మిల్లీసెకను పల్సార్: తొలిది 1982లో దొరికింది, సెకనుకు సుమారు 642 భ్రమణాలు. జంట వ్యవస్థలో తోటి తార నుంచి పదార్థాన్ని లాక్కుని వేగం పెంచుకుంటుంది. ఆ పదార్థం వేడెక్కి ఎక్స్‌రేలు వెలువడతాయి. ప్రవాహం తగ్గితే ఎక్స్‌రే కాంతీ మందగిస్తుంది. అందుకే ఇలా పదార్థాన్ని లాక్కునే పల్సార్లు 'తాత్కాలిక' ఎక్స్‌రే వనరులు.

ఎస్‌ఏఎక్స్ జె1808.4-3658: ఇలా పదార్థాన్ని లాక్కుంటూ ఎక్స్‌రేలు వెలువరించే మిల్లీసెకను పల్సార్లలో మొదటిది. స్పందనలు 1998లో బయటపడ్డాయి; 401 హెర్ట్జ్, కక్ష్యాకాలం సుమారు 2 గంటలు. 2019 విజృంభణను భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్ కూడా చూసింది.

వాతావరణం ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ ఎక్కినా, కుప్పానికి అవతల కావలూరు అబ్జర్వేటరీకి వెళ్లినా అవి అందవు. ఉపగ్రహమే దిక్కు.

ఆస్ట్రోశాట్: 2015 సెప్టెంబరు 28, పీఎస్‌ఎల్‌వీ-సీ30, శ్రీహరికోట. కక్ష్య 650 కి.మీ. ఇందులోని లాక్స్‌పీసీ పరికరం మైక్రోసెకన్లలో కాలాన్ని కొలుస్తుంది.

ఎక్స్‌పోశాట్: 2024 జనవరి 1, పీఎస్‌ఎల్‌వీ-సీ58. పరికరాలు: పోలిక్స్, ఎక్స్‌స్పెక్ట్. సీ30, సీ58 తారుమారు చేయొద్దు. జతపరచే ప్రశ్నకు అనువైన అంశమిదే.